శ్రీకాంత్ అంటే ఏ శ్రీకాంత్? ఒకే పేరున్న సినిమావాళ్ళు, ఆటగాళ్ళు, మన గోదావరి లెక్క

రాజోలు_కుర్రాడు
ముక్కనుమ రోజు మా ఊళ్ళో క్విజ్ పెట్టారు. చివరి రౌండ్లో ప్రశ్న ఇది: "గోదావరి జిల్లాల్లో పుట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న శ్రీకాంత్ ఎవరు?" మా జట్టు బ్యాడ్మింటన్ ఆడే కిదాంబి శ్రీకాంత్ అని రాసింది. అవతలి జట్టు డైరెక్టర్ శ్రీకాంత్ అడ్డాల అని రాసింది. ప్రశ్నలు తయారు చేసినాయన కాగితంలో మాత్రం హీరో శ్రీకాంత్ అని ఉంది. ఇద్దరికీ సున్నా వేశారు. హీరో శ్రీకాంత్ పుట్టింది కర్ణాటకలో గంగావతి అని ఎంత చెప్పినా వినలేదు. కప్పు మూడో జట్టు పట్టుకుపోయింది.

మీరంతా చెప్పండి, ఆ ప్రశ్నకి ఎవరి జవాబు కరెక్టు? ఇంకో సాయం కూడా కావాలి. ఉగాదికి క్విజ్ పేపరు మేమే తయారు చేస్తున్నాం. సినిమాల్లో, ఆటల్లో ఒకే పేరుతో ఉన్నవాళ్ళు ఎవరెవరు, వాళ్ళలో మన డెల్టా వాళ్ళెవరు, ఇక్కడ పెట్టండి. ఎవరికీ అన్యాయం జరగని పేపరు చేద్దాం.

ఆత్రేయపురం_పూతరేకు
మార్కులు మీకే రావాలి. కిదాంబి పుట్టింది మా పక్కనే, రావులపాలెంలో. 2017 ఒక్క ఏడాదిలో ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రెంచ్, నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు కొట్టాడు. 2018 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. దేశమంతా పేరు అంటే అదీ.

గుంటూరు_మిర్చి
కిదాంబి మా గుంటూరు కుర్రాడండీ. ఇల్లు ఇక్కడే.

ఆత్రేయపురం_పూతరేకు
ఇల్లు గుంటూరే, కాదనలేదు. ప్రశ్నలో "పుట్టి" అని ఉంది చూడండి మిర్చి గారూ.

లంకల_లక్ష్మి
నన్నడిగితే రెండు జట్లకీ మార్కులు ఇవ్వాలి. అడ్డాల గారిదీ పశ్చిమ గోదావరే కదా. ప్రశ్నలో ఆటా సినిమానా అని చెప్పకుండా అడగడం తప్పు. పిల్లలు రాత్రంతా కూర్చుని చదువుకొస్తారు, పెద్దవాళ్ళు తీరుబడిగా ఒక్క మాట ఎక్కువ రాయలేరా?

డెల్టా_మాస్టారు
లక్ష్మి గారి మాటే నాదీ. శ్రీకాంత్ అనే పేరు సంగతి పూర్తిగా చెప్పుకుందాం, పేపరుకి పనికొస్తుంది.

మొదట కృష్ణమాచారి శ్రీకాంత్. మద్రాసు ఓపెనరు. 1983 ప్రపంచ కప్ ఫైనల్లో మనవాళ్ళు చేసినవి 183 పరుగులే, అందులో అందరికన్నా ఎక్కువ ఈయనవే, 38. ఇంగ్లీషులో పేరులో ఒక 'కె' అదనంగా రాస్తాడు. తెలుగులో రాస్తే ఆ తేడా కనపడదు, కాబట్టి తెలుగు క్విజ్‌లో "క్రికెటర్" అని రాయక తప్పదు.

తరవాత మేకా శ్రీకాంత్, మన హీరో. 1990ల నుంచి తెలుగులో శ్రీకాంత్ అంటే ఆయనే. ఎంతగా అంటే, 2000ల్లో తమిళం నుంచి ఇంకో శ్రీకాంత్ వస్తే ఆయన ఇక్కడ శ్రీరామ్ అని పేరు వేసుకోవాల్సి వచ్చింది. ఆ తమిళ హీరోకి ముందే తమిళంలో 1965 నుంచి నటించిన పాత శ్రీకాంత్ ఒకాయన ఉన్నారు. అంటే తమిళంలో ఇద్దరు శ్రీకాంత్‌లు సర్దుకుపోయారు, తెలుగులో కుదరలేదు.

ఇక కిదాంబి, అడ్డాల. వీళ్ళలో ఆట ఆడేవాళ్ళిద్దరు, నటులు ముగ్గురు, డైరెక్టరు ఒకరు. ప్రశ్నలో వృత్తి, ఊరు రెండూ రాస్తే గొడవే ఉండదు.

నరసాపురం_లేసు
పేరు మార్పించడం నాకు నచ్చదు మాస్టారూ. అమ్మానాన్నలు పెట్టిన పేరు అది. ముందొచ్చినవాడిదే పేరు అంటే ఎలా? ఇంటిపేరు పక్కన రాస్తే సరిపోయేది.

యానాం_రవి
అలా కాదు లేసు అక్కా. వాల్‌పోస్టర్ మీద శ్రీకాంత్ అని చూసి టికెట్ కొన్నవాడు లోపల వేరే మనిషిని చూస్తే? ఆ రోజుల్లో పల్లెల్లో పోస్టరే సమాచారం. మార్చుకోవడమే మంచిదైంది.

నరసాపురం_లేసు
మార్చుకుని ఏం లాభం? కెమెరామన్ పి.సి.శ్రీరామ్ అప్పటికే ఉన్నారు. క్రికెట్లో శ్రీధరన్ శ్రీరామ్ ఇండియాకి వన్డేలు ఆడాడు. ఇప్పుడు పాటల్లో సిద్ శ్రీరామ్. ఒక గుంపులోంచి తీసి ఇంకో గుంపులో పడేశారు పాపం.

అమలాపురం_షటిల్
ఈ చర్చలో మా బ్యాడ్మింటన్ సాత్విక్‌ని మరిచిపోవద్దు! 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ (దేశాల మధ్య మగవాళ్ళ బ్యాడ్మింటన్ జట్ల పోటీ) ఫైనల్, ఇండోనేషియా మీద. మొదటి మ్యాచ్ లక్ష్య సేన్, రెండోది సాత్విక్-చిరాగ్ జోడీ, మూడోది శ్రీకాంత్. మూడూ గెలిచి 3-0తో కప్పు. అమలాపురం, రావులపాలెం ఒకే రోడ్డు మీద ఊళ్ళు. ఆ రోడ్డు పిల్లలు ఇద్దరు ఒకే రోజు ఆ కోర్టులో దిగారు. ఆ మధ్యాహ్నం మా వీధిలో టీవీ ముందు కూర్చున్న ముసలివాళ్ళకి షటిల్ స్కోరు ఎలా లెక్కపెట్టాలో కూడా తెలీదు, అయినా చివరి పాయింటుకి లేచి నిలబడ్డారు.

రాజోలు_కుర్రాడు
షటిల్ అన్నా, ఈ ఒక్క పోస్టులోనే నాకు ప్రశ్న దొరికింది. "థామస్ కప్ 2022 ఫైనల్లో చివరి మ్యాచ్ గెలిచిన, రావులపాలెంలో పుట్టిన శ్రీకాంత్ ఇంటిపేరు ఏమిటి?" ఇలా అడిగితే ఇంక ఎవడూ వేరే శ్రీకాంత్ పేరు చెప్పలేడు.

తుని_తమలపాకు
అంజలి పేరు రాసుకోండి. పాత అంజలీదేవి పెద్దాపురం, ఇప్పటి అంజలి రాజోలు. ఇద్దరూ మన జిల్లా ఆడపిల్లలే. ఆటల్లో కూడా కావాలంటే షూటర్ అంజలీ భగవత్ ఉంది, ముంబై.

గోదారి_గట్టు
పెద్దాపురం డెల్టా కాదండీ, మెట్ట. శీర్షికలోనే గోదావరి లెక్క అని పెట్టి మెట్టవాళ్ళని కలిపేస్తే ఎలా?

తుని_తమలపాకు
మొదలైంది. మెట్టవాళ్ళు గోదావరి జిల్లా వాళ్ళు కారా?

గోదారి_గట్టు
జిల్లావాళ్ళే. డెల్టా మాత్రం ధవళేశ్వరం కాలువ నీళ్ళు పారే నేల. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో, అప్పటి నుంచి లెక్క అదే. రాజోలు, అమలాపురం, రావులపాలెం, ఆలమూరు, పాలకొల్లు, భీమవరం, నరసాపురం డెల్టా. పెద్దాపురం, జగ్గంపేట, తుని మెట్ట. గౌరవం తక్కువని కాదు, మాట కరెక్టుగా ఉండాలని.

రాజోలు_కుర్రాడు
గట్టు గారూ, రెండూ తీసుకుంటాం. డెల్టా ఒక రౌండు, మెట్ట ఒక రౌండు. అంజలి ప్రశ్న రెండు రౌండ్లకీ పనికొస్తుంది.

తుని_తమలపాకు
అయితే మెట్ట రౌండుకి ఇంకోటి. రవితేజ. జగ్గంపేట, 1968 జనవరి 26. హైదరాబాద్ రంజీ జట్టుకి ఆడిన ద్వారకా రవితేజ వేరే. అసలు హీరో రవితేజ సొంత పేరు రవిశంకర్ రాజు. ఆ పేరుతోనే ఉండి ఉంటే సితార్ రవిశంకర్‌తో, డబ్బింగ్ చెప్పే మన సాయికుమార్ తమ్ముడు రవిశంకర్‌తో కలిసిపోయేవాడు.

కపిలేశ్వరపురం_అమ్మాయి
మా అమ్మమ్మ ఉంటే ఈ చర్చలో అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పేది. ఆవిడ దగ్గర ఎవరైనా "పాత సినిమాల్లో వరలక్ష్మి" అంటే "ఎస్సా, జీయా?" అని అడిగేది, చెప్పేదాకా మాట సాగనిచ్చేది కాదు.

ఎస్.వరలక్ష్మి జగ్గంపేట ఆవిడ, తన పాటలు తనే పాడుకునేది. జి.వరలక్ష్మి ఒంగోలు. ఇంచుమించు ఒకే వయసు, ఒకే కాలంలో వెలిగారు. ఇంటిపేర్లు సరిదె, గరికపాటి. ఆ ఒక్క అక్షరం తీసేస్తే ఇద్దరి జీవితాలూ కలిసిపోతాయి. ఇప్పుడు వరలక్ష్మి అని వెతికితే శరత్‌కుమార్ గారి అమ్మాయి వరలక్ష్మి బొమ్మలే ముందు వస్తాయి. ఆ అమ్మాయి బాగా నటిస్తుంది, ఆ విషయంలో నాకేం పేచీ లేదు. కానీ పాత వాళ్ళిద్దరినీ వెతుక్కోవాల్సి రావడం బాధగా ఉంటుంది. పేపర్లో మాత్రం ఎస్, జి తప్పకుండా వేయండి.

మైక్‌సెట్_సూరిబాబు
రామకృష్ణ. ఈ ఒక్క పేరుతో మా షాపులో పడిన పాట్లు ఎన్నో. మాది మైక్‌సెట్టు, నాన్నగారి కాలంనాటిది. క్యాసెట్ల మీద నాన్న బాల్‌పెన్‌తో రాసి పెట్టేవారు, ఇప్పటికీ ఉన్నాయి: "రామకృష్ణ - పాట", "రామకృష్ణ - హీరో". మొదటిది వి.రామకృష్ణ పాడినవి. రెండోది గీతాంజలి గారి భర్త, హీరో రామకృష్ణ సినిమాల్లోవి. పెళ్ళిళ్ళకి వచ్చేవాళ్ళు రామకృష్ణ పాటలు వెయ్యమంటే ఏ పెట్టె తియ్యాలో అడగక తప్పేది కాదు. ఆ తరవాత పాలకొల్లు కోడి రామకృష్ణ డైరెక్టరయ్యాక మూడో పెట్టె. దాని మీద నాన్న "కోడి" అని ఒక్క మాటే రాశారు, అది ఎవరికీ అనుమానం రాని పేరు.

జమున కూడా అంతే. నటి జమున గారు 1989లో మన రాజమండ్రి ఎంపీ. గాయని జమునారాణి వేరు. "జమున పాటలు" అని అడిగితే నటి మీద తీసిన పాటలా, జమునారాణి పాడిన పాటలా అని అడగాలి.

పాలకొల్లు_పిల్ల
సూరిబాబు గారూ, ఆ క్యాసెట్లు జాగ్రత్తగా దాచండి, ఫొటో పెట్టండి.

శ్రీనివాస్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? మా పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్, 1969 ఫిబ్రవరి 28. చిన్నపిల్లాడప్పుడే మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి ఔరా అనిపించాడు. 2014లో నలభై ఐదేళ్ళకే వెళ్ళిపోయాడు. కాకినాడలో పుట్టిన గాయకుడు పి.బి.శ్రీనివాస్, భీమవరం త్రివిక్రమ్ శ్రీనివాస్. తమిళ పాటల్లో ఇంకో శ్రీనివాస్. అన్నట్టు మాండలిన్ ఇంటిపేరు ఉప్పలపు, మొగల్తూరు కృష్ణంరాజు గారిది ఉప్పలపాటి. ఈ రెండూ కలిపి రాసేవాళ్ళని చూశాను, జాగ్రత్త.

భీమవరం_సునీల్
నా హ్యాండిల్ చూసి అందరూ అడిగేది ఒకటే: "నటుడు సునీల్ అభిమానా?" ఆయన మా ఊరివాడే, ఇందుకూరి సునీల్ వర్మ, ఫిబ్రవరి 28నే పుట్టాడు (మాండలిన్ శ్రీనివాస్ పుట్టినరోజు కూడా అదే అని ఇప్పుడే పైన చదివా). కానీ నా పేరు మా నాన్న గావస్కర్ మీద ప్రేమతో పెట్టారు. 1970ల్లో, 80ల్లో రేడియోకి చెవి ఆనించి కామెంటరీ విన్న తండ్రులు చాలామంది ఇళ్ళల్లో ఈ పేరు ఉంటుంది. మా నాన్నకి ఇప్పటికీ సునీల్ అంటే ఒక్కడే.

ఫుట్‌బాల్ సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984. చాలామందికి తెలీదు, పేపర్లో వెయ్యొచ్చు.

యానాం_రవి
నరైన్?

భీమవరం_సునీల్
వెస్టిండీస్ సునీల్ నరైన్‌ని కూడా మా వాళ్ళు "మనోడే" అంటారు రవీ. ఐపీఎల్‌లో అతను బౌలింగుకొస్తే నాన్న ముందుకు జరిగి కూర్చుంటారు, పేరు కోసమే.

అమలాపురం_షటిల్
నాని! హీరో నాని అసలు పేరు ఘంటా నవీన్ బాబు. పోర్చుగల్ ఫుట్‌బాలర్ నాని, మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆడాడు, 2016 యూరో కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. మూడోది మా గ్రౌండు. సాయంత్రం క్రికెట్ ఆడుతుంటే బౌండరీ దగ్గర్నుంచి ఎవరైనా "ఒరేయ్ నానీ" అని పిలిస్తే ఫీల్డింగ్ సగం అటు తిరుగుతుంది, బంతి ఫోరు పోతుంది.

లంకల_లక్ష్మి
మా ఇంట్లో పెద్ద నాని, చిన్న నాని, బుల్లి నాని. భోజనానికి పిలిస్తే ముగ్గురూ రారు, ఒకరిని ఒకరు అనుకుంటారు.

డెల్టా_మాస్టారు
నాకు బాగా ఇష్టమైన జంట చెబుతాను. బాపు.

మన బాపు, సత్తిరాజు లక్ష్మీనారాయణ, పశ్చిమ గోదావరిలో 1933 డిసెంబర్ 15న పుట్టారు. క్రికెటర్ బాపు నాదకర్ణి నాసిక్‌లో పుట్టింది 1933 ఏప్రిల్ 4న. ఒకే ఏడాది. ఇద్దరికీ బాపు అన్నది ముద్దు పేరే. నాదకర్ణి అసలు పేరు రమేశ్‌చంద్ర. ఇద్దరి అసలు పేర్లూ జనానికి గుర్తు లేనంతగా ముద్దు పేరు నిలిచింది.

1964 జనవరిలో మద్రాసులో ఇంగ్లండుతో టెస్టు. నాదకర్ణి వరసగా 21 మెయిడెన్ ఓవర్లు వేశాడు. అటూ ఇటూ ఓవర్ల బంతులు కూడా కలిపితే వరసగా 131 బంతులు, ఒక్క పరుగు లేదు. ఆ ఇన్నింగ్స్ లెక్క 32 ఓవర్లు, 27 మెయిడెన్లు, 5 పరుగులు. వికెట్టు ఒక్కటీ రాలేదు. అదే మద్రాసులో అప్పుడు మన బాపు బొమ్మలు వేసుకుంటున్నారు, సినిమా తీయడం 1967లో మొదలు. ఒక బాపు గీతలో ఒక్క చుక్క ఎక్కువ ఉండదు, ఇంకో బాపు ఓవర్లో ఒక్క పరుగు ఎక్కువ ఉండదు. పొదుపు ఇద్దరిదీ ఒకటే. నాదకర్ణి మొత్తం 41 టెస్టుల్లో ఓవరుకి ఇచ్చింది సగటున 1.67 పరుగులు. వికెట్లు పడలేదని ఆయన్ని తక్కువ చేసేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. అవతలి బ్యాట్స్‌మన్‌ని అంతసేపు కట్టి పడేయడం తేలికా?

గోదారి_గట్టు
ముద్దు పేర్లు లెక్కలోకి తీసుకోకూడదు మాస్టారూ. అలా అయితే బాబ్జీలు, బుజ్జిలు, చిన్నాలు అందరూ వచ్చి కూర్చుంటారు, పేపరు చాలదు.

డెల్టా_మాస్టారు
జనం ఏ పేరుతో పిలిచారో అదే పేరు గట్టూ. సత్తిరాజు లక్ష్మీనారాయణ బొమ్మ అంటే ఎవరికి తెలుస్తుంది?

కపిలేశ్వరపురం_అమ్మాయి
మాస్టారి వైపే నేను. సినిమాల్లో సొంత పేరుతో ఉన్నవాళ్ళెంతమంది అసలు? రాజబాబు గారి పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. జయప్రద లలితారాణి. చిరంజీవి శివశంకర వరప్రసాద్. ముద్దు పేర్లూ, తెర పేర్లూ తీసేస్తే మన జిల్లాకి మిగిలేది తక్కువే.

మైక్‌సెట్_సూరిబాబు
రాజబాబు అన్నారు కాబట్టి చెబుతున్నా. హాస్యనటుడు రాజబాబు రాజమండ్రి, 1983లో పోయారు. 2021 అక్టోబర్లో రాజబాబు ఇక లేరని వార్త వచ్చేసరికి మా వాట్సాప్ గ్రూపుల్లో పాత రాజబాబు ఫొటో తిరిగింది. పోయింది బొడ్డు రాజబాబు, రామచంద్రపురం వైపు మనిషి, ఎన్నో సినిమాల్లో, సీరియళ్ళలో తండ్రి వేషాలు వేసిన మంచి నటుడు. ఆయన పోయిన రోజున కూడా ఆయన మొహం జనానికి చూపించకపోవడం నాకు చాలా కష్టమనిపించింది. కనీసం ఆ ఒక్క రోజైనా ఆయన ఫొటో ఆయనకి దక్కాలి కదా.

నరసాపురం_లేసు
ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. క్విజ్‌లో మార్కులు పోతే వచ్చే ఏడు తెచ్చుకోవచ్చు.

పాలకొల్లు_పిల్ల
రాజబాబు గారి తమ్ముడు చిట్టిబాబు, ఆయనా హాస్యనటుడే. కాకినాడలో పుట్టిన వీణ చిట్టిబాబు వేరు. ఇద్దరూ గోదావరి వాళ్ళే, ఇద్దరి పేర్లూ కలిపేస్తుంటారు.

చాగల్లు_రైతు
వి.వి.ఎస్. సంగతి చూడండి. మన వైపు వి.వి.ఎస్. అంటే వీర వెంకట సత్యనారాయణ, ఇంకేం అడగక్కర్లేదు. అన్నవరం స్వామి పేరు, ప్రతి వీధికీ ఒకరు ఉంటారు. డైరెక్టర్ ఈవీవీ అంటే ఈదర వీర వెంకట, ఆ సత్యనారాయణ గారు మన పశ్చిమ గోదావరి. మా చాగల్లు డైరెక్టర్ వినాయక్ కూడా వీర వెంకట వినాయకరావే. అందుకని మా పొలాల్లో అందరూ క్రికెటర్ వి.వి.ఎస్.లక్ష్మణ్‌ని కూడా అన్నవరం మొక్కు పిల్లాడే అనుకునేవాళ్ళు. ఆయన వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్, హైదరాబాద్. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో 281 కొట్టినప్పుడు మా ఊళ్ళో ఒకాయన "సత్యదేవుడి మహిమ" అని నిజంగానే కొండకెళ్ళి వ్రతం చేయించుకొచ్చాడు. చేయించుకున్న వ్రతం మంచిదే, ఎవరి పేరన అయితేనేం.

యానాం_రవి
కైకాల సత్యనారాయణ కూడా రాసుకోండి, ఈవీవీ పక్కన.

గుంటూరు_మిర్చి
మా వైపు నుంచి రెండు ఇస్తాను, పోటీకి. గోపీచంద్: 2001 ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్, హీరో తొట్టెంపూడి గోపీచంద్, డైరెక్టర్ గోపీచంద్ మలినేని, వీళ్ళందరికన్నా ముందు రచయితా దర్శకుడూ అయిన త్రిపురనేని గోపీచంద్. హరికృష్ణ: గుంటూరు చెస్ గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ, నటుడు నందమూరి హరికృష్ణ. కృష్ణా గుంటూరు రౌండు కూడా పెట్టాల్సిందే.

డెల్టా_మాస్టారు
మిర్చి గారిది న్యాయమైన కోరిక. విశ్వనాథ్‌ని కూడా ఆ రౌండులో వేసుకోండి. కె.విశ్వనాథ్ గారిది అప్పటి గుంటూరు జిల్లా పెదపులివర్రు. గుండప్ప విశ్వనాథ్ కర్ణాటక. ఒకాయన సినిమా, ఒకాయన స్క్వేర్ కట్, రెండూ చూసినవాళ్ళం అదృష్టవంతులం.

ఆత్రేయపురం_పూతరేకు
వంశీ, కృష్ణవంశీ కూడా. పసలపూడి వంశీ, తాడేపల్లిగూడెం కృష్ణవంశీ, ఇంకా వంశీ పైడిపల్లి. ముగ్గురూ డైరెక్టర్లే. "వంశీ సినిమా" అని అడిగితే మా ఇంట్లో మూడు తరాలు మూడు సినిమాలు చెబుతాయి.

గోదారి_గట్టు
ఇంతమందిని రాశారు, ఆలమూరు వదిలేశారు. వెంకటపతి రాజు పుట్టింది ఆలమూరులో, 1969. ఎడమ చేతి స్పిన్, 28 టెస్టులు, 93 వికెట్లు. కుంబ్లే, రాజు, చౌహాన్ ముగ్గురూ కలిసి వేసిన రోజులు గుర్తున్నవాళ్ళు చెప్పండి. హైదరాబాద్ వాడనే అందరూ అనుకుంటారు. వెంకటపతి రాజు అనే పేరు మన వైపు ఊరికి ఒకరిద్దరు ఉంటారు, టెస్టు వికెట్లు తీసినవాడు మాత్రం ఇతనొక్కడే.

రాజోలు_కుర్రాడు
గట్టు గారూ, ఆలమూరు డెల్టాయే కదా?

గోదారి_గట్టు
నూటికి నూరుపాళ్ళు డెల్టా. పక్కనే గౌతమి.

రాజోలు_కుర్రాడు
అయితే డెల్టా రౌండు మొదటి ప్రశ్న అదే. పేపర్లో ప్రతి పేరుకీ ఇంటిపేరు, ఊరు, వృత్తి మూడూ ఉంటాయి. బాపు ప్రశ్న మీద మాస్టారికీ గట్టు గారికీ ఇంకా తేలలేదు కాబట్టి దాన్ని బోనస్‌లో పెడుతున్నా, ఇద్దరు బాపులనీ చెప్పిన జట్టుకి రెండింతల మార్కులు. సూరిబాబు గారూ, క్విజ్ రోజు మైక్‌సెట్ మీదే, ఖాళీ ఉందా?

మైక్‌సెట్_సూరిబాబు
ఉగాది రోజు పొద్దున పంచాంగ శ్రవణం ఒకటుంది. పది తరవాత ఎప్పుడైనా సరే. మూడు పెట్టెలూ తెస్తాను.